ఎనిమిది మీటలు

ఆ ఏడు సెలవుల సీజను మొదలయ్యేనాటికి మా కొట్లో పదకొండు పాత పియానోలున్నాయి, వాయించేవాడు మాత్రం లేడు.

ఈ వ్యాపారం తెలియనివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. పియానో కొనడానికి వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందికి వాయించడం రాదు. పిల్లకి నేర్పిద్దామనో, ముందుగది నిండుగా కనబడుతుందనో వస్తారు. మీట మీద వేలు పెట్టడానికి కూడా సిగ్గుపడతారు. అందుకని కొట్టువాళ్ళే వాయించి వినిపించాలి. అది కూడా ఏ పాటపడితే ఆ పాట పనికిరాదు. ఏడాది చివర బడులు మూసే ముందు పిల్లలంతా పాడే సెలవుల పాటే వాయించాలి. "సెలవులొచ్చె గంట కొట్టు, సంచి తీసి గూట పెట్టు" అని మొదలై రెండు చరణాల్లో, ఎనిమిది మీటల్లో అయిపోతుంది. ఊహ తెలిసిన ప్రతివాడికీ వచ్చు. అది చెవిన పడగానే తండ్రి మొహం మెత్తబడుతుంది. తల్లి చెయ్యి దానంతటదే పిల్ల భుజం మీదికి పోతుంది. సరిగ్గా అప్పుడు నేను ధర చెబుతాను. ఏడాది అమ్మకంలో సగం ఆ ఆరు వారాల్లోనే జరుగుతుంది.

పాట వాయించేవాడు మా తమ్ముడు. శ్రుతి చేసేదీ వాడే. ధర చెప్పేది నేను. ఇరవై రెండేళ్ళు మా వాటాలు అవే. వాడు కొట్టు వెనక గదిలో పడుకునేవాడు, మా ఇంట్లో తినేవాడు. పెళ్ళి చేసుకోలేదు. పియానోలు తప్ప వాడికి వేరే లోకం లేదు.

సీజను మొదటివారంలోనే గొడవ వచ్చింది. ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ డ్యూటీ దిగి, తెల్లబట్టల్లోనే, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. నా బల్ల పక్కనున్న గోధుమరంగు పియానో మీద కన్నేసింది. ఉన్నవాటిలో అదే చవక. తమ్ముడు పాట వాయించాడు. పిల్ల నోరు తెరుచుకుని వింది. నేను ధర చెప్పాను. ఆవిడ సంచి జిప్పు లాగింది. లాగుతూ ఊరికే, మాటవరసకి అడిగింది.

"నాలుగు కాలాలపాటు నిలుస్తుందా బాబూ?"

తమ్ముడు మీటల మీదనుంచి చేతులు తీసేశాడు.

"నిలవదమ్మా. లోపల తీగలు చుట్టిన మరలుంటాయి. వాటిని పట్టుకునే చెక్క పగిలింది. పొద్దున శ్రుతి చేశాను కాబట్టి ఇవాళ బాగుంది. నెల తిరక్కుండా జారిపోతుంది."

ఆవిడ జిప్పు మూసేసింది. వాడికి దండం పెట్టింది. నా వైపు చూడనైనా చూడకుండా మెట్లు దిగిపోయింది.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా ఆగాను. అంతకన్నా ఆగలేకపోయాను.

"కూసే గాడిదొచ్చి మేసే గాడిదని చెడగొట్టిందట! ఎవడడిగాడ్రా నిన్ను?"

"ఆవిడే అడిగింది."

"అడిగితే చెప్పేస్తావా? అడిగిన ప్రతివాడికీ నిజం చెప్పేవాడు బోనెక్కాలిరా, కొట్టెక్కకూడదు!"

"ఆ చెక్క సంగతి నీకు రెండుసార్లు చెప్పాను అన్నయ్యా. విడిభాగాల కింద తీసేద్దామన్నాను."

"దాన్ని మూడో అంతస్తు నుంచి తాళ్ళు కట్టి దింపింది నేను! ఈ వేళ్ళు చూడు, ఇంకా వంగవు. నువ్వేం చేశావు? కింద నిలబడి జాగ్రత్త, జాగ్రత్త అన్నావు. అసలు నువ్వు చేసే ఘనకార్యమేంటి? ఎనిమిది మీటలు నొక్కడం! కోతికి నేర్పినా వారంలో నొక్కుతుంది."

వాడు తిరిగి ఒక్కమాట అనలేదు. అని ఉంటే పోట్లాట అయ్యేది, పోట్లాటైతే సాయంత్రానికి చల్లారేది. జేబులోంచి శ్రుతి చేసే స్పానరు తీసి నా బల్ల మీద పెట్టాడు.

"అయితే నువ్వే నేర్చుకో" అన్నాడు.

వెనక గదిలోకి వెళ్ళి బట్టలు సంచిలో కుక్కుకుని వచ్చాడు. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "ఏంట్రా ఇది, భోజనం వేళప్పుడు? ఆయన నోటి సంగతి నీకు కొత్తా?"

"కొత్త కాదు వదినా. పాతబడిపోయింది" అన్నాడు, వెళ్ళిపోయాడు.

"పోనీ! ఆకలేస్తే వాడే వస్తాడు" అన్నాను, వీధంతా వినబడేట్టు.

రెండోరోజు రాలేదు. వారమైనా రాలేదు. సైకిల్ రిపేరు షాపు మీద గది తీసుకున్నాడనీ, ఇళ్ళకి వెళ్ళి శ్రుతి చేసుకుంటున్నాడనీ మా ఆవిడే చెప్పింది. ఎలా తెలిసిందని అడిగితే, పాలవాడు చెప్పాడంది. ఆవిడ ఆ పాలవాడిచేత వాడికి క్యారియరు కూడా మోయిస్తోందని నాకు తరవాత తెలిసింది.

నేను పట్టుదల మనిషిని. ఎనిమిది మీటలన్నాను కాబట్టి ఆ ఎనిమిదీ నేర్చుకుని చూపించాలి. ధరలు అంటించే చీటీల మీద ఒకటినుంచి ఎనిమిదిదాకా అంకెలు వేసి, నా బల్ల పక్కనే ఉంది కదా అని, ఆ గోధుమరంగు దాని మీటలకి అంటించాను. పాటని అంకెల్లో రాసుకున్నాను. ఒకటి మూడు, రెండు నాలుగు అంటూ అట్టముక్క మీద బారుగా పోయింది. చూస్తే ఎవరిదో ఫోన్ నంబరులా ఉంది.

మధ్యాహ్నం షట్టరు సగం దించి కూర్చునేవాణ్ణి. ముప్పై ఏళ్ళు తాళ్ళు లాగిన వేళ్ళవి. ఒకదాన్ని దించితే పక్కది కూడా దిగుతుంది. ఉంగరం వేలైతే పైకి లేవనే లేవదు, మొండి కోడలిలాగా.

కొట్టుకీ ఇంటికీ మధ్య ఒక తలుపే అడ్డం. నేను ఒక చరణం పూర్తిచేస్తానో లేదో, తలుపవతల నుంచి వినబడేది.

"తప్పు."

అంతే. పొయ్యి మీది గిన్నె దించినంత మామూలుగా అనేది. మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి.

"తప్పు."

"తప్పని చెప్పేదానివి ఒప్పేంటో చెప్పు!"

"నాకేం తెలుసు? నేను వాయించేదాన్నా? ఇరవై ఏళ్ళనుంచి వినేదాన్ని."

మొదటివారం వచ్చిన బేరాలన్నీ అలాగే వెనక్కిపోయాయి. ఒక పెద్దమనిషి నేను రెండు చరణాలూ పూర్తిచేసేదాకా మర్యాదగా నిలబడి, "ఏమండీ, నేను పియానో చూపించమన్నాను, టైపు కొట్టమనలేదు" అన్నాడు. ఆయన భార్య నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నా ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో ఆ రోజు షట్టరు ఇంకో గంట ఎక్కువ దించి ఉంచాను.

మూడో వారానికి వేళ్ళు లొంగాయి. అట్టముక్క చూడకుండా వాయించాను, ఎక్కడా ఆగలేదు. ఉంగరం వేలు కూడా లేచింది. పూర్తయ్యాక చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూశాను.

"తప్పు."

లేచివెళ్ళి తలుపు తోశాను. "ఇప్పుడేంటి? ఎక్కడ తప్పింది? ఒక్క వేలు తప్పినట్టు చూపించు, ఈ కొట్టు నీ పేర రాసేస్తాను!"

ఆవిడ తాపీగా చూసింది. "వేలు తప్పలేదండీ. మోతే తప్పు. చిన్నోడు వాయిస్తే ఇలా ఉండేది కాదు."

"ఓహో! చిన్నోడు! ఎంతసేపూ నీ మరిది వైపేగా నువ్వు! పాఠం చదివించి మరీ పోయాడన్నమాట!"

"మీకు చెప్పడంకన్నా ఆ చెక్కపెట్టెకి చెప్పుకోవడం నయం" అని ఆవిడ తలుపు వేసేసింది.

నాలుగోవారం శనివారానికి పెద్ద బేరముంది. బడి పెద్ద టీచరమ్మ పెద్ద నల్ల పియానో చూడ్డానికి వస్తానంది. సెలవుల ముందు బడిలో జరిగే పాటల కార్యక్రమానికి కావాలట. అది మా కొట్లో ఉన్నవాటికల్లా రాజు. దానికి మచ్చలేదు. శుక్రవారం మధ్యాహ్నం మొదటిసారి దాని ముందు కూర్చుని పాట మొదలుపెట్టాను.

మూడో మీట దగ్గరే చెవి అడ్డం తిరిగింది. ఏదో ఎక్కువైంది. ఐదోది మరీ కీచుగా ఉంది. గోధుమరంగు దాని దగ్గరికి వెళ్ళి నొక్కాను, ఇటు వచ్చి నొక్కాను. తేడా స్పష్టంగా ఉంది. వాడు పోయి నాలుగువారాలైంది, చూసేవాడు లేక ఇది చెడిపోయిందనుకున్నాను. దిక్కుమాలినవాడు, వ్యాపారం ముంచిపోయాడని ఇంకో నాలుగు తిట్లు తిట్టుకున్నాను.

స్పానరు నా బల్ల మీదే ఉంది. శ్రుతి చెయ్యడం ఇరవై రెండేళ్ళు పక్కన నిలబడి చూసినవాణ్ణి. ఒక్కో మీటకి మూడు తీగలు. రెంటిని గుడ్డపీలికతో నొక్కిపట్టి ఒకదాన్ని కలపాలి, తరవాత మిగతావాటిని దానితో కలపాలి. ఎనిమిది మీటలకి ఇరవై నాలుగు మరలు. గోధుమరంగు దాని మీద ఒక దెబ్బ, నల్లదాని మీద ఒక దెబ్బ, మరని గోరంత వెనక్కి. అలా మధ్యాహ్నమంతా కూర్చుని కలిపాను. అయ్యాక పాట వాయిస్తే తేనెలా జారింది. తలుపవతలనుంచి ఆ రోజు ఏ మాటా రాలేదు. ఒప్పుకుందనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ ఇంట్లో లేదు.

శనివారం టీచరమ్మ పాట బాగా పాడే నలుగురు పిల్లల్ని కూడా తెచ్చింది. "మీరు వాయించండి, వీళ్ళు పాడతారు" అంది. నేను వాయించాను, వాళ్ళు అందుకున్నారు. ముందు ఒకమ్మాయి తడబడింది, రెండోవాడు గొంతు పెంచాడు, మూడోవాడు తగ్గించాడు. పిల్లలొక దారి, పియానో ఒక దారి. నేను పళ్ళు బిగబట్టి చివరిదాకా లాక్కొచ్చాను. నలుగురిలోకీ పొట్టివాడు మీటలకేసి జాలిగా చూశాడు.

"టీచర్, దీనికి జలుబు చేసిందా?"

టీచరమ్మ నవ్వలేదు. నన్ను పక్కకి జరగమని, తనే నిలబడి ఆ ఎనిమిది మీటలూ, వాటికి అటూ ఇటూ ఉన్నవీ నొక్కి చూసింది. "చివరలు బంగారంలా ఉన్నాయి. నడిమధ్యలో ఎవరో కావాలని చెడగొట్టినట్టుంది" అంది. "బుధవారంలోగా బాగుచేయిస్తే తీసుకుంటాను. లేకపోతే మేం వేరేచోట చూసుకోవాలి."

వాళ్ళు వెళ్ళాక స్పానరు తీసి బల్ల మీద విసిరికొట్టాను. కావాలని! నడుం పడిపోయేలా కూర్చుని కలిపానే!

మా ఆవిడ టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఆడలేక మద్దెల ఓడన్నారట, అలాంటివాళ్ళు లోకంలో చాలామంది. మీరు మాత్రం మంచి మద్దెలకి చిల్లు పెట్టారు."

"వాణ్ణి పిలు" అన్నాను.

"మీ నోటితో వెళ్ళగొట్టారు. మీ నోటితోనే పిలవండి."

సైకిల్ షాపు మెట్లు ఇరవయ్యొక్కటి. ఒక్కో మెట్టుకీ వాణ్ణి ఒక తిట్టు తిట్టుకుంటూ ఎక్కాను. వాడు తలుపు తీసి నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు.

"ఏం పనండీ?" అన్నాడు.

నన్ను. సొంత అన్నని. అండీ అని!

"నల్లది శ్రుతి పోయింది" అన్నాను.

"మంగళవారం పొద్దున ఖాళీ ఉంది. వస్తాను."

చెప్పిన వేళకి వచ్చాడు. కొత్త సంచి, కొత్త స్పానరు. నల్లదాని మూత ఎత్తి, మధ్యనున్న మీటలు ఒక్కొక్కటీ నొక్కాడు. వాడి మొహంలో రంగులు మారాయి.

"ఎవరు తిప్పారండీ ఈ మరలు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కొనడానికొచ్చిన వాళ్ళ పిల్లలని చెప్పొచ్చు. రవాణాలో అయిందని చెప్పొచ్చు.

"నేనే."

"దేన్ని విని కలిపారు?"

గోధుమరంగు దానివైపు గడ్డంతో చూపించాను. వాడు లేచివెళ్ళి దాని మీద నేనంటించిన చీటీల్ని చూశాడు. ఒకటి నొక్కాడు. నల్లదానిమీద అదే నొక్కాడు. రెండు, మూడు, అలా ఎనిమిదిదాకా అటూ ఇటూ తిరిగాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వితే నాలుగు దులిపి మనసులో భారం దించుకుందామని సిద్ధంగా ఉన్నాను కూడా.

నవ్వలేదు. స్టూలు మీద కూర్చున్నాడు.

"వెంట్రుకవాసి తేడా లేదన్నయ్యా. జారిపోయినదాన్ని జారిపోయినట్టే దింపావు. చెవి ఇంత పట్టడానికి నాకు మూడేళ్ళు పట్టింది."

అన్నయ్య అన్న పిలుపు మళ్ళీ వచ్చిందని నేను సంతోషించేలోపే వాడు ఇంకోమాట అన్నాడు.

"నీకు వినబడదనుకునేవాణ్ణి. మోతలో మంచీచెడూ పాపం మా అన్నయ్యకి తెలీదు, తెలీకే పాడైనవి కూడా అమ్ముతున్నాడని సర్దిచెప్పుకునేవాణ్ణి. ఇన్నేళ్ళూ నీకు వినబడుతూనే ఉందన్నమాట."

వెళ్ళి గోధుమరంగు దాని మీది చీటీలు ఎనిమిదీ పీకేశాను.

వాడు పని మొదలుపెట్టాడు. పది మరలు కూడా తిప్పి ఉండడు, మెట్ల మీద తెల్లబట్టలు కనిపించాయి. ఆ నర్సమ్మే. ఈసారి ఒక్కతే వచ్చింది. వాడు ఎత్తిన మూత వెనక వంగి ఉన్నాడు, ఆవిడ చూడలేదు.

"పిల్ల ఒకటే గొడవండీ" అంది నాతో. "ఊరంతా తిరిగాను. ఎక్కడా నాకందే ధరలు కావు. ఆ రోజు మీ తమ్ముడుగారు చెప్పింది నిజమేనా? లేక ఇంకెవరికో అట్టిపెట్టడానికి అలా అన్నారా?"

వ్యాపారిని నేను. ఇలాంటి అదను పదేళ్ళకొకసారి వస్తుంది. అబద్ధానికి ఆవిడే తలుపు తీసి పట్టుకుని నిలబడింది, ఇంకెవరికో అట్టిపెట్టాడని నేను తల ఊపితే చాలు. పియానో వెనక స్పానరు చప్పుడు ఆగింది.

"నిజమేనమ్మా!" అని అరిచాను. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. "పగిలింది! చెక్క పగిలింది! నిలవదు! దాని మీద నేర్చుకుంటే ఏమవుతుందో నన్నడుగు చెబుతాను! మంచిది వినబడినా తప్పనిపిస్తుంది!"

"చెప్పచ్చు కదండీ, అరవడమెందుకు?" అంది ఆవిడ బెదిరిపోయి, వెళ్ళిపోయింది.

తమ్ముడు పని పూర్తిచేసి, నల్లదాని మీద సెలవుల పాట ఒకసారి వాయించి, మూత దించాడు. తలుపు దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది. "చెయ్యి కడుక్కోరా, వడ్డిస్తాను" అంది.

"ఇంకో ఇంట్లో పనుంది వదినా."

"చెప్పానుగా ఆవిడకి!" అన్నాను. "నీ ముందేగా చెప్పాను! ఇంకేం కావాలిరా నీకు?"

"నేనున్నానని చెప్పావు" అన్నాడు సంచి భుజానికి తగిలించుకుంటూ. "నేను లేనప్పుడు చెప్పిన రోజున వస్తాను."

"నువ్వు లేనప్పుడు చెప్పానో లేదో నీకెవడు చెబుతాడు?"

"నువ్వే చెప్పు. నమ్ముతాను."

ఇంతకన్నా అన్యాయమైన బేరం నా జన్మలో ఎవరూ పెట్టలేదు. బుధవారం నల్లది బడికి వెళ్ళిపోయింది. పొట్టివాడు వచ్చి దానికి జలుబు తగ్గిందని సర్టిఫికెట్ ఇచ్చాడు. నాకు మాత్రం ఆ రోజంతా లోపల ఒకటే రగులుడు. నమ్ముతాడట! నేను అబద్ధం చెప్పినా నమ్ముతాడు. వాడి సంగతి నాకు తెలుసు. నమ్ముతాడనే కదా ఈ మంట!

గురువారం పొద్దున కొట్టు తీసీ తీయగానే రిటైరైన బస్సు డ్రైవరొకాయన వచ్చాడు. మనవరాలు సెలవులకి వస్తోందట. మూలనున్న చిన్న తెల్ల పియానో చూపించాడు. కూర్చుని పాట వాయించాను. చీటీలు లేవు, అట్టముక్క లేదు, ఒక్క వేలూ తప్పలేదు. మోత కూడా బాగుంది. ముసలాయన మొహం మెత్తబడింది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ధర చెప్పాల్సిన క్షణం అదే.

ఆ పియానో వెనక పలకకి జానెడు చీలిక ఉంది. కిందటేడు తమ్ముడు జ్వరంతో పడుకున్న రెండు రోజుల్లో, నేనే పుట్టీ పెట్టించి తెల్లరంగు వేయించాను. నాకూ పెయింటరుకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

"ఎంతండీ?" అన్నాడు ముసలాయన.

"ముందు వెనక్కి వెళ్ళి చూడండి."

"ఎందుకండీ, శుభ్రంగా ఉంది కదా?"

"చూడమంటున్నానా! ముప్పై ఏళ్ళు బస్సు నడిపారు, వెనక చూసుకోకుండానే నడిపారా? వంగండి! ఇంకా కిందికి! ఆ రంగు మీద గోరు పెట్టి గీకండి!"

ఆయన కళ్ళజోడు తీసి పెట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, గోటితో గీకాడు. తెల్లపొడి రాలింది.

"పుట్టీ" అన్నాడు.

"పుట్టీయే!" అని అరిచాను. "నేనే పెట్టించాను!"

ఎవరితో కొట్లాడుతున్నానో అని లోపలినుంచి మా ఆవిడ పరుగున వచ్చింది. "ఈ పూట వాడికి క్యారియరు కట్టకు, ఈ సంగతి చెప్పడానికి నేనే వెళ్తున్నాను" అన్నాను, అదే గొంతుతో.